వాలు గీత

ఫిబ్రవరి 9. ఉదయం 11:05

ఎడమ కాలికి పిండికట్టు. ఆరు వారాలు కదలకూడదట. స్టూలు ఎందుకెక్కావమ్మా అని డాక్టరు అడిగితే బూజు దులపడానికి అన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నాడట వెనకటికొకడు. ఈ నోటుబుక్కు ఎవరూ చదవరు కాబట్టి నిజం రాసుకోవచ్చు. మామయ్య గది గుమ్మం పైన వేడి కొలిచే సెన్సర్ బిగించబోయి పడ్డాను.

పదహారేళ్ళుగా మందుల గోదాములో చలి గదులు చూసుకుంటున్నాను. టీకాలు దాచే గదులు. ఏ గది ఎన్ని డిగ్రీలుంది, ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, గ్రాఫు గీసి కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని, సొంత ఇంట్లో ఎవరు ఎప్పుడు వేడి పెడుతున్నారో కనిపెట్టలేకపోతే సిగ్గుచేటు.

ఎవరో నాకు తెలియక కాదు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. మా ఆయన పొద్దున్నే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళిపోతారు. నేను చలికి అలవాటు పడిన మనిషిని. ఇక మిగిలింది మామయ్య, మా ఆయన వాళ్ళ నాన్న. ముప్పై ఆరేళ్ళు రైలింజన్ నడిపి, ఆ సెగ పక్కనే జుట్టు నెరిపించుకున్న మనిషి. మిట్టమధ్యాహ్నం కూడా స్వెట్టరు విప్పరు. వేడికీ చల్లదనానికీ ఒకటే మిషను మాకు. గోడ మీద ప్యానెల్‌లో సూర్యుడి బొమ్మ మీట నొక్కితే వేడిగాలి, మంచుపువ్వు నొక్కితే చల్లగాలి. నేను మంచుపువ్వు నొక్కి వస్తాను. కాసేపటికి చూస్తే సూర్యుడు వెలుగుతూ ఉంటాడు.

అందుకే హాల్లో ఆ ప్యానెల్ పక్కనే బల్ల వేయించుకున్నాను. కాపలా. ప్యానెల్ నా వీపు వెనక, చంకకర్ర గోడకి ఆనించి, ఎదురుగా లాప్‌టాప్. మీట నొక్కినప్పుడల్లా వచ్చే కీచు శబ్దం మాత్రం నేనే ఆపేశాను. గోదాములో అలాంటి కీచు వినపడితే ఏదో గది పాడైనట్టే లెక్క. సెలవులో కూడా గుండె దడ ఎందుకు?

ఫిబ్రవరి 10. మధ్యాహ్నం 2:05

కాపలా మొదలు. మాత్ర వేసుకుని కూర్చున్నాను. ఇక చూద్దాం.

2:08. పట్టుకున్నాను! నెత్తి మీద గొట్టంలోంచి వెచ్చటి గాలి తగులుతోంది, తిరిగి చూద్దును కదా, మామయ్య. పడిపోతుందమ్మా అంటూ నా కర్ర సర్ది నిలబెట్టి, అదే చేత్తో ప్యానెల్ మీద ఏదో నొక్కి వెళ్ళిపోయారు. కర్ర సర్దడం ఎంత చక్కటి వంక! మనిషి చూస్తే నోట్లో నాలుక లేనట్టు ఉంటారు.

ఫిబ్రవరి 12. ఉదయం 11:10

ఇవాళ కూడా అంతే. వెచ్చగాలి, మామయ్య, కర్ర, ప్యానెల్. ఏం మామయ్యా చలిగా ఉందా అని తియ్యగా అడిగాను. లేదమ్మా అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు స్వెట్టరు సర్దుకున్నారు.

ఫిబ్రవరి 13.

కాలు దురద. కట్టులోపలికి స్కేలు దూర్చాను. బయటికి రావడం లేదు.

ఫిబ్రవరి 14.

స్కేలు వచ్చింది. మామయ్యే తీశారు, ఇంజన్‌లో ఇంతకంటే ఇరుకు చోట్ల చెయ్యి పెట్టానంటూ. అంతమాత్రాన కేసు మాఫీ కాదు.

ఫిబ్రవరి 15. మధ్యాహ్నం 2:00

గ్రాఫు గీశాను! ప్యానెల్ దాని లోపల రికార్డు రాసుకుంటుంది, వేడి ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు ఆపారు అని. ఆ అంకెలన్నీ లాప్‌టాప్‌లోకి లాగి, చుక్కలు పెట్టి, చుక్కకీ చుక్కకీ గీత కలిపాను. మిషనుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం ముందు చదవమన్నారు మా ఆయన. పదహారేళ్ళ అనుభవం పెట్టుకుని నేను ఆ పుస్తకం చదవాలా?

వచ్చాయండీ కొండలు. ఉదయం పదకొండు దాటాక అడుగున మొదలై, మెల్లగా, ఎవరికీ అనుమానం రాకుండా ఎక్కుతూ, రెండింటికి శిఖరం. అక్కణ్ణుంచి ఢామ్మని కిందికి. మళ్ళీ ఎక్కడం మొదలు. ఆ కొండ మర్నాడు పదకొండు దాకా ఎక్కుతూనే ఉంటుంది. అంటే మేం నిద్రపోతున్నంత సేపూ కూడా మనిషి కొంచెం కొంచెంగా వేడి పెంచుతున్నారన్నమాట. నేను బల్ల దగ్గరికి వచ్చిన వెంటనే దించేస్తున్నారు. ఏం తెలివి! ఏం ఓపిక!

గదుల్లో పెట్టిన సెన్సర్లు మాత్రం రాత్రుళ్ళు ఇల్లు చల్లగానే ఉందంటున్నాయి. అవి గోదాములో పక్కన పడేసిన పాత సరుకు. వాటిని నమ్మక్కర్లేదు.

రంగుల్లో అచ్చు తీశాను. రేపు భోజనాల దగ్గర తేల్చేస్తాను.

ఫిబ్రవరి 17. ఉదయం 11:05

తేల్చేశాను.

మొన్నటి నుంచీ సాధన చేసినంత బాగా చెప్పాను. ప్లేట్లు పక్కకి జరిపి, కాగితం పరిచి, ఇదిగో పదకొండు, ఇదిగో రెండు, ఇదిగో రాత్రి అంటూ వేలు పెట్టి చూపించాను. మా ఆయన కాగితం చూడకుండా వాళ్ళ నాన్న మొహమే చూస్తూ కూర్చున్నారు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి, ఇంట్లో మాత్రం ఏదీ కనపడదు. మామయ్య కళ్ళజోడు తెచ్చుకుని, కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, ఈ వాలు గీత ఏంటి?" అన్నారు.

క్రమంగా పెంచినట్టు అని చెప్పాను.

"మిషను నడిస్తే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. వాలుగా ఎలా నడుస్తుంది?"

"గ్రాఫు అబద్ధం చెప్పదు మామయ్యా" అన్నాను.

అంతే. కాగితం నాలుగు మడతలు పెట్టి నా ముందు ఉంచారు. చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు. పెరుగు కూడా వేసుకోలేదు.

ఇవాళ పొద్దున టీ తాగుతూ, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పారు. తన తమ్ముడి ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉందట, అక్కడికి మారిపోతారట. ఇరవై ఎనిమిదో తేదీకి వ్యాను కూడా మాట్లాడేశారు.

నేను వెళ్ళిపొమ్మనలేదు. వేడి పెట్టొద్దన్నాను, అంతే.

ఫిబ్రవరి 18.

నాకేం. ఆయన ఇష్టం.

ఫిబ్రవరి 19. మధ్యాహ్నం 2:10

నాకేం అని నిన్న రాశాను కదా. ఇవాళ కూడా నాకేం.

వెచ్చగాలి వచ్చింది. ఆయనా వచ్చారు. కర్ర సర్దారు, నొక్కారు, వెళ్ళారు. ఇంత జరిగాక కూడా మానలేదంటే చూడండి! అరవాలనుకున్నాను. నోటుబుక్కు తీసి ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరి 20.

దుకాణం నుంచి రాగానే మా ఆయన నా ఎదురుగా కూర్చుని, ఎన్నడూ లేనిది, పావుగంట ఆపకుండా మాట్లాడారు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఈ కథ నాకు తెలియదు.

ఇంజన్‌లో ఒక డబ్బా ఉండేదట, లోపల కాగితం చుట్ట. బండి ఎంత వేగంగా పోతోందో ఆ కాగితం మీద సూది గీత గీస్తూ ఉంటుంది. ప్రయాణం అయ్యాక డ్రైవరు దాని మీద సంతకం పెట్టి అప్పజెప్పాలి. ఇరవై ఆరేళ్ళ కిందట మలుపులో అతివేగంగా నడిపారని ఆ గీత చూసి మామయ్యని ఇంజన్ దింపేశారు. నేను అంత వేగంగా నడపలేదు మహాప్రభో అంటే, గీత అబద్ధం చెప్పదు అన్నాడట విచారణకొచ్చిన ఆఫీసరు. పదకొండు నెలలు షెడ్డులో లాంతర్లు తుడుస్తూ కూర్చున్నారు. ఆ డబ్బా గడియారమే తొమ్మిది నిమిషాలు తప్పు నడుస్తోందని, తిన్నటి దారిలో పోయిన వేగాన్ని మలుపు లెక్కలో వేసిందని తర్వాత ఎవరో కనిపెట్టారు. ఇంజన్ తిరిగి ఇచ్చారు. తప్పు మాది అని మాత్రం ఎవరూ నోటితో అనలేదు, కాగితం మీద రాయలేదు.

"ఆ మాటే ఎందుకన్నావు?" అని అడిగారు మా ఆయన. కోపంగా కాదు. కోపంగా అడిగితే బాగుండేది, నేనూ కోప్పడేదాన్ని.

అయినా ఆ డబ్బా వేరు, నా గ్రాఫు వేరు. నా గడియారం సరిగ్గానే ఉంది. చూసుకున్నాను.

ఫిబ్రవరి 22.

మామయ్య ఆ గది చూసి సున్నం వేయించడానికి తమ్ముడి ఇంటికి వెళ్ళారు. మూడు రోజుల్లో వస్తారు, పెట్టె సర్దుకోవడానికి. వెళ్తూ, స్నానాల గదిలో కాళ్ళ కింది పట్టా తడి లేకుండా ఆరబెట్టాను, జాగ్రత్త అని చెప్పి వెళ్ళారు.

ఇల్లు ఎంత హాయిగా ఉందో. మంచుపువ్వు నొక్కుకుని రోజంతా మంచం మీదే పడుకున్నాను.

ఫిబ్రవరి 23. ఉదయం 11:10

బల్ల దగ్గర కూర్చున్నాను. ఇవాళ్టి నుంచి గీత పల్లం లేకుండా, కొండ లేకుండా, చెరువు నీళ్ళలా ఉంటుంది.

1:00. ఏమిటీ ఉడుకు? చెమటలు కారుతున్నాయి. ఎండాకాలం ముందే వచ్చేసినట్టుంది. లేచి కిటికీ తియ్యడానికి ఓపిక లేదు.

సాయంత్రం. మా ఆయన వచ్చీ రాగానే, ఇంత వేడి పెట్టుకున్నావేంటి, ఒంట్లో బాలేదా అని నుదురు పట్టుకుని చూశారు. సూర్యుడి బొమ్మ వెలుగుతోంది. ఆయనే ఆపారు.

మిషను పాడైంది. ఇంకేముంటుంది? రేపు మెకానిక్కుని పిలవాలి.

ఫిబ్రవరి 24. ఉదయం 10:40

మెకానిక్కు వచ్చి వెళ్ళాడు. మిషను బంగారంలా ఉందట. "ఎవరో నొక్కుతున్నారమ్మా. ఇంట్లో ఇంకెవరుంటారు?" అన్నాడు. మా మామయ్య అని నోటిదాకా వచ్చింది. మామయ్య లేరు కదా.

12:00

రాయాలి. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియడం లేదు.

చిన్న పుస్తకం చదివాను. మూడో పేజీలో ఉంది, పెద్ద అక్షరాల్లోనే. ప్యానెల్ నిమిషం నిమిషం రాసుకోదు. మార్పు జరిగినప్పుడే రాసుకుంటుంది. వేడి పెడితే ఒక చుక్క, ఆపితే ఒక చుక్క. మధ్యలో ఏమీ రాయలేదంటే ఏమీ మారలేదని అర్థం. మా గోదాములో నిమిషానికో చుక్క పడుతుంది, చుక్కలన్నీ కలిపితే సరైన గీతే వస్తుంది. అదే అలవాటు ఇక్కడ కూడా చూపించాను. పదకొండు దాటాక ఆపిన చుక్కకీ, రెండింటికి పెట్టిన చుక్కకీ అడ్డంగా గీత లాగేసి, మూడు గంటల పాటు ఆగి ఉన్న మిషనుని కొండెక్కించాను. వాలు గీత ఏంటమ్మా అని ఆయన అడిగింది అదే. రాత్రుళ్ళు ఇల్లు చల్లగా ఉందని పాత సెన్సర్లు నిజమే చెప్పాయి పాపం.

మెట్లు మెట్లుగా మళ్ళీ గీశాను. కొండలన్నీ కూలిపోయాయి. రోజుకొకటో రెండో సన్నటి నిలువు పట్టీలు మిగిలాయి. ఒక్కోటీ ఆరు నిమిషాలు, ఎక్కువైతే ఏడు. ఎవరో పెడుతున్నారు, ఆరు నిమిషాల్లో ఎవరో ఆపేస్తున్నారు. నిన్న ఒక్కరోజే 11:07కి పెట్టింది సాయంత్రం 6:12 దాకా ఆగలేదు.

ఆపే మనిషి నిన్న ఇంట్లో లేరు.

మరి పెట్టే మనిషి? నిన్న 11:07కి నేనేం చేస్తున్నానా అని ఈ నోటుబుక్కు తీశాను. 11:10, బల్ల దగ్గర కూర్చున్నాను. తొమ్మిదో తేదీ రికార్డులో సూర్యుడి బొమ్మ 11:02కి వెలిగింది, నోటుబుక్కులో 11:05. పదో తేదీ 2:01, నోటుబుక్కులో 2:05. కాలు విరిగాక నేను బల్ల దగ్గరికి రాని రోజుల్లో ఒక్క పట్టీ కూడా లేదు.

మెడ తిప్పి వెనక్కి చూశాను. గోడకి ఆనించిన నా కర్ర తల, రబ్బరు తొడుగుతో సహా, సూర్యుడి బొమ్మ మీద తల వాల్చి హాయిగా నిద్రపోతోంది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిందట ఒకావిడ. నా చంకలో కర్ర.

ఫిబ్రవరి 25.

మామయ్య వచ్చారు. మొహం అలిసిపోయి ఉంది. చెబుదామనుకున్నాను. ప్రయాణం చేసి వచ్చిన మనిషి, రేపు చెప్పొచ్చు.

ఫిబ్రవరి 26.

చెప్పలేదు. పొద్దున ఆయన పేపరు చదువుతున్నారు. మధ్యాహ్నం పడుకున్నారు. సాయంత్రం మా ఆయన ఉన్నారు. మా ఆయన ముందు తప్పు పట్టి, మా ఆయన లేనప్పుడు ఒప్పుకోవడం న్యాయం కాదు. ఉన్నప్పుడు ఒప్పుకోవడానికి ధైర్యం చాలడం లేదు.

పెట్టెకి తాడు కట్టేశారు.

ఫిబ్రవరి 27. సాయంత్రం

భోజనాల బల్ల మీదే చెప్పాను. ఎక్కడ అన్నానో అక్కడే. ముగ్గురం ఉండగా ప్లేట్లు పక్కకి జరిపి, కొత్త గ్రాఫు పరిచి, మీరడిగిన వాలు గీత నా పొరపాటు మామయ్యా, మీట నొక్కింది నా కర్ర అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. మా ఆయన ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత నా కర్ర వంక చూసి, నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళారు.

మామయ్య నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆ సన్నటి పట్టీల్ని ఒక్కొక్కటీ వేలితో తాకుతూ చూశారు.

మీకు ముందే తెలుసు కదా అని అడిగాను. నేను పడకముందు చలేసి నొక్కింది మాత్రం ఆయనేనట, పడ్డాక సూర్యుడి మీట ముట్టలేదట; కర్ర సంగతి మొదటిరోజే తెలుసట. వెచ్చగాలి ఆయన గది గొట్టంలోకి రావడానికి అయిదారు నిమిషాలు పడుతుందట. రాగానే హాయిగా ఉంటుందట కూడా. అయినా అమ్మాయికి ఉడుకు పడదని లేచి వచ్చి ఆపేవారట. ఆ మాట వినగానే నా కళ్ళు నిండిపోయాయి. మరి నాకెందుకు చెప్పలేదని దబాయించాను, ఏడుపు ఆపుకోవడానికి.

"కాలు విరిగి కూర్చున్న మనిషికి, నీ కర్ర కూడా తప్పు చేస్తోందని ఏం చెప్తాం? నేనెలాగూ ఖాళీయే. ఆ తర్వాత నువ్వు కాగితం తెచ్చావు. కాగితం ముందు మాట్లాడి గెలిచినవాణ్ణి కాదమ్మా నేను."

పెన్ను తీసుకుని గ్రాఫు కింద, గోదాములో సంతకం పెట్టే చోట, రాశాను. పాత గ్రాఫు తప్పు. తప్పు నాది. మామయ్యది కాదు. సంతకం పెట్టాను, తేదీ వేశాను, ఆయన వైపు తిప్పాను.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. పెదాలు కదులుతున్నాయి.

"ఈ ముక్క రాసిన కాగితం కోసం ఇరవై ఆరేళ్ళు చూశాను" అన్నారు. "వాళ్ళెవరూ ఇవ్వలేదు. చివరికి కోడలు ఇచ్చింది."

కాగితం మడిచి, కళ్ళజోడు డబ్బాలో అడుగున పెట్టుకున్నారు. పెరుగు ఉందా అని అడిగి వేసుకున్నారు.

ఉండిపొమ్మని నేను అడగలేదు. పెట్టె తాడు అలాగే ఉంది.

ఫిబ్రవరి 28.

వ్యాను పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. నేను మంచం దిగలేదు, కట్టు వంకతో. కిటికీలోంచి వింటూ కూర్చున్నాను. డ్రైవరు సామాను ఏదండీ అని అడుగుతున్నాడు. మామయ్య ఏదో చెప్తున్నారు, వినపడదు. తలుపు వేసిన చప్పుడు. బండి కదిలిన చప్పుడు.

తర్వాత చెప్పుల చప్పుడు, లోపలికి.

పెట్టె తాడు విప్పుతూ మా ఆయనతో అంటున్నారు, "నేను పోతే మధ్యాహ్నం పూట దీన్ని ఆపేదెవర్రా?"

తలగడలో మొహం పెట్టుకుని నవ్వాను. కొంచెం ఏడ్చాను కూడా. కొంచెమే.

మార్చి 3. ఉదయం 11:00

ఒప్పందం కుదిరింది. పొద్దున పది దాకా సూర్యుడు, ఆయన వంతు. తర్వాత మంచుపువ్వు, నా వంతు. కర్ర తగిలించుకోవడానికి బల్లకి ఇటు పక్క మామయ్య ఒక కొక్కెం కొట్టారు. గ్రాఫు మెట్లు మెట్లుగా, చూడ ముచ్చటగా వస్తోంది. పది తర్వాత ఒక్క పట్టీ లేదు.

మార్చి 11. మధ్యాహ్నం 2:00

ఇవాళా ఒక్క పట్టీ లేదు. ఇల్లు చల్లగా ఉంది. మామయ్య ఆయన గదిలో, నేను హాల్లో. ఆపడానికి ఏమీ లేదు కాబట్టి ఆయన రావడం లేదు. గ్రాఫు బాగానే ఉంది. నాకే ఏమీ తోచడం లేదు.

మార్చి 12. మధ్యాహ్నం 2:00

కర్రని కొక్కేనికి తగిలించడం మర్చిపోయాను. గోడకి ఆనించాను.

2:07. వచ్చారు. కర్ర వైపు చూశారు, నా వైపు చూశారు, ఆపారు. వెళ్ళకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, మంచులో దారి కనపడక ఈల వేసుకుంటూ నలభై మైళ్ళు నడిపిన బండి కథ చెప్పారు.

మార్చి 13.

మళ్ళీ మర్చిపోయాను.

మార్చి 24. ఉదయం 11:05

నిన్న కట్టు తీసేశారు. కాలు సన్నగా, తెల్లగా, వేరేవాళ్ళ కాలులా ఉంది. కర్ర ఆస్పత్రికి తిరిగి ఇచ్చేశాం. సోమవారం నుంచి గోదాముకి వెళ్ళాలి. ఇంక అయిదు రోజులే.

సూర్యుడి బొమ్మ నొక్కాను. నేనే, నా వేలితో. రికార్డులో 11:05 అని పడింది.

11:11. వచ్చారు. "కర్ర పోయినా ఈ మిషనుకి బుద్ధి రాలేదే" అంటూ ఆపి, కుర్చీ లాక్కున్నారు. నిన్నటి కథలో బండి వంతెన మధ్యలో ఆగి ఉంది. రెండు గ్లాసుల్లో టీ ముందే పోసి ఉంచాను.